మీటరు ఒకటి, ల్యాప్‌టాప్ ఇంకొకటి: చెన్నై షెడ్డులో ఇంజిన్ ట్యూనింగ్ పని

రేసు బండ్ల ఇంజిన్లను ట్యూన్ చేసే పనికి నెల్లూరు ప్రాంతం నుంచి చెన్నైకి రావడం మా వైపు వాళ్లకు పెద్ద వింతేమీ కాదు. సూళ్లూరుపేట దాకా లోకల్ రైళ్లు నడుస్తాయి. 1990 ప్రాంతంలో ఇరుంగాట్టుకోట్టైలో ఇప్పటి ట్రాక్ వచ్చేవరకు మద్రాసు రేసులు జరిగిన షోళవరం పాత రన్‌వే కూడా మా నెల్లూరు రోడ్డు మీదే ఉంది. నేను పనిచేసే అంబత్తూరు షెడ్డులో యజమాని తమిళుడు, మేమంతా ఆయన్ని అణ్ణే అని పిలుస్తాం. పనివాళ్లలో సగం మంది గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేటల నుంచి వచ్చినవాళ్లే. మేము పని చేసేవి ట్రాక్ మీద మాత్రమే తిరిగే బండ్లు. ఈ పనిలోకి కొత్తగా వచ్చే మన పిల్లలు ఇంధనం పట్టికను, అంటే ఏ వేగంలో ఏ లోడ్ దగ్గర ఎంత పెట్రోలు పోయాలో చెప్పే గడుల పట్టికను, ఎలా దిద్దాలో మొదటి రోజే అడుగుతారు. ఆ పట్టికను ముట్టుకోవడానికి ముందు చేయవలసిన పని ఒకటుందని, అది చేయకపోతే తర్వాత దిద్దిన ప్రతి అంకె తప్పవుతుందని వాళ్లకు నచ్చజెప్పడమే నాకు అన్నిటికన్నా ముఖ్యమైన పాఠంగా కనిపిస్తుంది.

ఆ పని ఏమిటంటే, పొగగొట్టంలో బిగించిన వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ చెప్పే అంకె, డాష్‌బోర్డు మీది మీటరులో కనిపించే అంకె, ల్యాప్‌టాప్‌లో ట్యూనింగ్ సాఫ్ట్‌వేర్ చూపించే అంకె, ఈ మూడూ ఒకటేనని నిరూపించుకోవడం. మామూలు కార్లలో ఉండే న్యారోబ్యాండ్ సెన్సర్ గాలి, పెట్రోలు మిశ్రమం రిచ్‌గా (పెట్రోలు ఎక్కువగా) ఉందో లీన్‌గా (పెట్రోలు తక్కువగా) ఉందో మాత్రమే చెబుతుంది, ఎంత అనేది చెప్పలేదు. వైడ్‌బ్యాండ్ ఆ ఎంత అనేదాన్ని చెబుతుంది. మేము ఎక్కువగా వాడే బాష్ ఎల్‌ఎస్‌యూ 4.9 సెన్సర్‌ను దాని లోపలి హీటర్ సుమారు 780 డిగ్రీల సెల్సియస్ వేడిలో నిలబెడుతుంది. లోపలి చిన్న గదిలో వోల్టేజీ 450 మిల్లీవోల్టుల దగ్గర కదలకుండా ఉండేందుకు ఆక్సిజన్‌ను లోపలికో బయటికో పంపు చేయాల్సి వస్తుంది, అందుకు పట్టిన కరెంటే అసలు కొలత. ఆ కరెంటును కంట్రోలర్ అనే చిన్న పెట్టె చదివి, సున్నా నుంచి ఐదు వోల్టుల మధ్య ఒక వోల్టేజీగా మార్చి ఈసీయూకు, అంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటరుకు, పంపుతుంది. ఈసీయూకు చేరేది ఆ వోల్టేజీ ఒక్కటే. అది గాలి, పెట్రోలు నిష్పత్తిలో ఎంతకు సమానమో మనమే సాఫ్ట్‌వేర్‌కు చెప్పాలి. తగాదా అంతా అక్కడే మొదలవుతుంది.

ఎందుకంటే ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క లెక్క పెట్టుకుంది. ఇన్నొవేట్ ఎల్‌సీ-2 కంట్రోలర్ మామూలు సెట్టింగులో సున్నా వోల్టులను 7.35గా, ఐదు వోల్టులను 22.39గా లెక్కిస్తుంది. ఏఈఎం ఎక్స్ సిరీస్ మీటరు అర వోల్టును 8.5గా, నాలుగున్నర వోల్టులను 18గా లెక్కిస్తుంది. పది నుంచి ఇరవై దాకా తిన్నగా సాగే లెక్క వాడేవీ ఉన్నాయి. వీటిలో ఒకదాని వైరు తగిలించి, సాఫ్ట్‌వేర్‌లో మరొకదాని వోల్టేజీ-నిష్పత్తి పట్టిక ఎంచుకుంటే బండి నడుస్తుంది, తెర మీద ముల్లు కదులుతుంది, లాగ్ ఫైలు నిండుతుంది, అందులో ఒక్క అంకె కూడా నిజం కాదు.

ఈ మధ్య నాయుడుపేట కుర్రాడు ఒకడు డైనో (కారును కదలకుండా నిలిపి ఇంజిన్ బలం కొలిచే యంత్రం) మీద కారును ఫుల్ థ్రాటిల్‌లో నడిపించి నన్ను పిలిచాడు.

"అన్నా, మీటర్లో పన్నెండున్నర ఉండాది. ల్యాప్‌టాప్‌లో చూస్తే పద్నాలుగు దగ్గరికి పోతా ఉండాది. ఏది నమ్మేది?"

"ఇప్పటికి రెండూ నమ్మొద్దు తమ్ముడూ. ముందు మల్టీమీటరు పట్రా."

కంట్రోలర్ నుంచి ఈసీయూకు వెళ్లే సిగ్నల్ వైరు మీద మల్టీమీటరు పెట్టి, మళ్లీ అదే లోడ్ దగ్గర ఇంజిన్‌ను నిలకడగా పట్టి చూస్తే 2.18 వోల్టులు కనిపించాయి. ఏఈఎం లెక్క ప్రకారం 2.18 వోల్టులంటే 12.5. ఇన్నొవేట్ లెక్క ప్రకారం అదే 2.18 వోల్టులు 13.9 అవుతాయి. బండి యజమాని తెచ్చిన మ్యాప్, అంటే ఈసీయూ సెట్టింగుల ఫైలు, వేరే కారు కోసం, వేరే కంట్రోలర్‌తో తయారైనది, ఆ పాత పట్టిక ఈ కారులోకీ అలాగే వచ్చేసింది. మీటరు నిజమే చెబుతోంది, వైరులో లోపం లేదు, సాఫ్ట్‌వేర్‌లోని పట్టిక ఒక్కటే మారాలి. ఆ స్థితిలోనే, ఇంధనం పట్టికను సాఫ్ట్‌వేరే దిద్దుకునే ఆటో ట్యూన్ బటన్ నొక్కి ఉంటే, అది 13.9ని మనం కోరిన 12.5కు దించాలని పెట్రోలు పోసుకుంటూ పోయి, నిజమైన నిష్పత్తిని 11.4 దాకా లాగి, ప్లగ్గులను మసి చేసేది. ఇదే పొరపాటు తిరగబడితే, అంటే ఇన్నొవేట్ కంట్రోలర్‌కు ఏఈఎం పట్టిక పెడితే, నిజంగా 12.5 ఉన్నప్పుడు తెర మీద 11.4 కనిపిస్తుంది. రిచ్‌గా ఉందనుకుని సాఫ్ట్‌వేర్ పెట్రోలు తగ్గించుకుంటూ పోయి, తెర మీద 12.5 కనిపించే వేళకు అసలు నిష్పత్తి 13.9 దగ్గర ఉంటుంది. టర్బో ఉన్న ఇంజిన్‌లో పూర్తి లోడ్ మీద 13.9 అంటే నాకింగ్‌కు (మిశ్రమం అదుపు తప్పి పేలడానికి), ఆ తర్వాత పిస్టన్ కరగడానికి దారి తీసినట్టే. అందుకే రెండు పెట్టెల మధ్య తేడాను నేను చిన్న విషయంగా చూడలేను.

పట్టిక సరిగానే ఉన్నా అంకెలు కలవకపోతే, తప్పు చాలా వరకు ఎర్త్‌లో ఉంటుంది. సెన్సర్ హీటర్ ఆంపియర్ల లెక్కన కరెంటు లాగుతుంది, ఆ కరెంటు వెళ్లే ఎర్త్ వైరునే సిగ్నల్‌కూ వాడితే, వైరు పొడవునా కొంత వోల్టేజీ పడిపోయి, కంట్రోలర్ ఎర్త్ ఈసీయూ ఎర్త్ కంటే కాస్త పైన నిలబడుతుంది. ఖాళీ తక్కెడలోనే ఒక పక్క మొగ్గు ఉన్నట్టు, తూచేవన్నీ అంతే తేడాతో తూగుతాయి. ఇన్నొవేట్ లెక్కలో వోల్టులో పదో వంతు తేడా వస్తే నిష్పత్తిలో 0.3 తేడా వస్తుంది. ఇంజిన్ నడుస్తుండగా, హెడ్‌లైట్లు, రేడియేటర్ ఫ్యాన్ వేసి, మల్టీమీటరు ఒక మొనను కంట్రోలర్ ఎర్త్ మీద, రెండో మొనను ఈసీయూ సెన్సర్ ఎర్త్ మీద పెట్టి చూస్తే కొద్ది మిల్లీవోల్టులకు మించి రాకూడదు. వస్తే హీటర్ ఎర్త్‌ను వేరుగా తీసుకెళ్లి ఇంజిన్ బ్లాకుకు బిగించాలి, సిగ్నల్ ఎర్త్‌ను ఈసీయూకు చేర్చాలి.

రెండు తప్పులనూ వేరుచేసే గుర్తు ఒకటుంది, ఇది కొత్తవాళ్లకు బాగా పనికొస్తుంది. తేడా అన్ని అంకెల దగ్గరా దాదాపు ఒకేలా ఉంటే ఎర్త్‌ను అనుమానించాలి. అంకె పెరిగేకొద్దీ తేడా కూడా పెరుగుతుంటే పట్టికను అనుమానించాలి. ఆ నాయుడుపేట కుర్రాడి కారులో 12.5 దగ్గర 1.4 ఉన్న తేడా, 14.7 దగ్గరికి వచ్చేసరికి 2 అయింది. కొన్ని కంట్రోలర్లను వాటి సాఫ్ట్‌వేర్‌తోనే ఒక స్థిరమైన వోల్టేజీ పంపేలా పెట్టవచ్చు. ఒక వోల్టు పంపినప్పుడు ట్యూనర్‌స్టూడియో అనే ట్యూనింగ్ సాఫ్ట్‌వేర్‌లో 10.36, నాలుగు వోల్టులు పంపినప్పుడు 19.38 కనిపిస్తే ఇన్నొవేట్ లెక్క మొదటి నుంచి చివరి దాకా కలిసినట్టే. కంట్రోలర్, ఈసీయూ రెండింటికీ క్యాన్ బస్ (పెట్టెలు డిజిటల్‌గా మాట్లాడుకునే వైరు జత) సౌకర్యం ఉంటే కొలత అంకె రూపంలోనే వెళుతుంది కాబట్టి ఈ వోల్టేజీ బాధ ఉండదు. డబ్బు పెట్టగలిగిన కస్టమర్లకు నేను ఎప్పుడూ దాన్నే సూచిస్తాను.

పెట్రోలు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వచ్చాక మరో గందరగోళం చేరింది. సెన్సర్ నిజానికి కొలిచేది లాంబ్డా, అంటే పెట్రోలు పూర్తిగా కాలడానికి కావలసిన గాలికి నిజంగా ఉన్న గాలి ఎన్ని రెట్లు అనేది. దాన్ని 14.7తో గుణించి చూపిస్తే పెట్రోలు నిష్పత్తి అవుతుంది, ఇథనాల్ కలిసిన పెట్రోలుకు ఆ సంఖ్య సుమారు 13.5 ఉండాలి. మీటరు 14.7తో, సాఫ్ట్‌వేర్ 13.5తో గుణిస్తుంటే ఇద్దరూ నిజమే చెబుతున్నా అంకెలు వేరవుతాయి. మా షెడ్డులో అందుకే రెండు చోట్లా లాంబ్డాలోనే చదవాలని నియమం పెట్టుకున్నాం.

చెన్నై ఉక్కపోత ప్రభావం కూడా కొంత ఉంది. సెన్సర్‌ను బయటి గాలిలో ఉంచి కాలిబ్రేట్ చేసేటప్పుడు కంట్రోలర్ ఆ గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం ఉందనుకుంటుంది. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న రోజున నీటి ఆవిరి చోటు ఆక్రమించడం వల్ల అది 20.2 శాతం దగ్గరికి దిగుతుంది. తేడా చిన్నదే అయినా, కాలిబ్రేషన్‌ను షెడ్డు మూల పొగలో కాకుండా ఆరుబయట, వీలైతే ఏసీ గది వాకిట్లో చేయిస్తాను.

అంకెలు కలిసిన తర్వాత కూడా అవి ఏ క్షణానివో చూసుకోవాలి. పొగ వాల్వు దాటి సెన్సర్‌ను చేరడానికి పట్టే సమయం ఐడిల్‌లో ఎక్కువ, వేగం పెరిగితే తక్కువ. ఈ జాప్యాన్ని సాఫ్ట్‌వేర్‌కు చెప్పకపోతే అది పక్క గడిని దిద్దుతుంది. బెండు పైపులో సెన్సర్‌కు ముందు చిన్న చీలిక ఉన్నా బయటి గాలి లోపలికి పీల్చుకుని లీన్‌గా చూపిస్తుంది. సింగిల్ సిలిండర్ బైకుల్లో పైపు పొట్టిగా ఉంటే చీలిక లేకున్నా, ఐడిల్‌లో సైలెన్సర్ చివరి నుంచి గాలి వెనక్కి వచ్చి సెన్సర్‌ను మోసం చేస్తుంది. మిస్‌ఫైర్ అయినప్పుడు కాలని పెట్రోలు ఎంత ఉన్నా, దానితోపాటు కాలకుండా మిగిలిన ఆక్సిజన్‌నే సెన్సర్ చూస్తుంది కాబట్టి అప్పుడూ లీన్ అనే చెబుతుంది. అందుకని ఇటువంటి బైకుల్లో ఐడిల్ గడులను ఆటో ట్యూన్‌కు అందకుండా లాక్ చేసి, ప్లగ్గు రంగు చూసి, ఇంజిన్ శబ్దం విని దిద్దే పనిని అణ్ణేకే వదిలేస్తాం.