ఫ్రెడ్డీ లేని క్వీన్

"పాడే మనిషే పోయాక ఇంక చూసేదేముందండీ?" అంది మా ఆవిడ. 2019 చివర్లో, హౌన్‌స్లోలో ఉండే మా మేనల్లుడు ఫోన్ చేసి, లండన్‌లో బ్రిటిష్ రాక్ బ్యాండ్ క్వీన్ కచేరీకి టికెట్లు కొన్నానని చెప్పిన రోజు సంగతి.

నిజానికి ఆ మాట అంతకుముందు నేనే చాలాసార్లు అన్నాను. 1988లో కాకినాడ హాస్టల్లో, పక్కగది సీనియర్ దగ్గరున్న కాపీ కేసెట్‌తో పట్టుకుంది నాకీ పిచ్చి. పాటల మాటలు సగం అర్థమయ్యేవి కావు. ఆ గొంతు మాత్రం అర్థమయ్యేది. 1991 నవంబర్ 24న ఆ గాయకుడు, ఫ్రెడ్డీ మెర్క్యురీ పోయాడు. ఆ తర్వాత మిగిలినవాళ్లు గాయకుడు పాల్ రోడ్జర్స్‌తో కొన్నేళ్లు తిరిగారు, ఆపైన ఆడమ్ లాంబర్ట్‌ని తెచ్చుకున్నారు. లాంబర్ట్ 2009లో ఒక టీవీ పాటల పోటీలో రెండో స్థానంలో నిలిచిన అమెరికా కుర్రాడు. టీవీ పోటీ అనగానే నా మొహం మాడింది.

నా భయానికి కారణం విజయవాడలోనే ఉంది. దసరా పందిళ్లలో ఘంటసాల గొంతు పెట్టి పాడే ఆర్కెస్ట్రా గాయకులను చిన్నప్పటి నుంచి వింటున్నాను. అచ్చుగుద్దినట్టు పాడాడని చప్పట్లు కొడతాం, ఇంటికొచ్చి అసలు రికార్డే పెట్టుకుంటాం. అదే చూడ్డానికి సముద్రాలు దాటాలా?

కరోనా వచ్చి నా నిర్ణయాన్ని వాయిదా వేసింది. 2020లో జరగాల్సిన కచేరీ 2021కి, అక్కణ్ణించి 2022కి జరిగింది. మేనల్లుడు టికెట్లు వెనక్కివ్వలేదు. "మావయ్యా, బ్రయాన్ మేకి 74 ఏళ్లు. ఇంకెప్పుడు చూస్తావు?" అన్నాడు, బ్యాండ్ గిటారిస్టు గురించి. దానికి నా దగ్గర జవాబు లేదు. జూన్‌లో విమానం ఎక్కాను.

దిగిన మర్నాడే నన్ను ఫెల్తమ్ తీసుకెళ్లాడు, వాళ్లింటికి దగ్గరే. పడమటి లండన్‌లో, విమానాలు నెత్తిమీద నుంచి వెళ్లే మామూలు పేట. 1964లో ఆఫ్రికా దగ్గరి జాంజిబార్ దీవిలో విప్లవం వచ్చాక ఫరోఖ్ బుల్సారా కుటుంబం వచ్చి స్థిరపడింది ఇక్కడే. ఆ పార్సీ కుర్రాడే ఫ్రెడ్డీ. ఎనిమిదేళ్లప్పుడు మన పంచ్‌గనీ బోర్డింగ్ స్కూల్లో చేరి, అక్కడే తోటి పిల్లలతో కలిసి బ్యాండ్ కట్టిన మనిషి. ఇల్లు చిన్నది. గోడ మీద 2016లో పెట్టిన నీలం ఫలకం లేకపోతే పక్కింటికీ దీనికీ తేడా తెలియదు. లోపల ఎవరో కాపురం ఉంటున్నారు కదా, ఎదుటి పేవ్‌మెంట్ మీద రెండు నిమిషాలు నిలబడి వచ్చేశాం.

కచేరీ రోజు ఫెల్తమ్‌లో రైలెక్కి వాటర్లూలో దిగాం. అక్కణ్ణించి జూబిలీ లైన్ మెట్రోలో నార్త్ గ్రెనిచ్ వెళ్లాలి. నా వాగుడు వింటూ మావాడు ఎటు వెళ్లే రైలో చూసుకోలేదు. బేకర్ స్ట్రీట్ వచ్చాక గానీ తెలియలేదు, ఎదురు దిక్కున పోతున్నామని. మళ్లీ వెనక్కి. నాకు టెన్షన్, వాడికి నవ్వు.

కచేరీ జరిగే ఓ2 అంటే 2000 సంవత్సరం వేడుకల కోసం కట్టిన ఆ తెల్లటి గుడారమే. పైకి పొడుచుకొచ్చిన 12 పసుప్పచ్చ స్తంభాలు దూరం నుంచే కనిపిస్తాయి. లోపలున్న అరీనాలో 20,000 మంది పడతారు. మా సీట్లు పై అంతస్తులో, నిట్టనిలువు మెట్ల మీద. కిందికి చూస్తే కళ్లు తిరిగాయి. నా పక్కన కూర్చున్న పెద్దాయనకు డెబ్భై దాటి ఉంటాయి, ముందు వరుసలో పదేళ్ల పిల్ల ఫ్రెడ్డీలా పెట్టుడు మీసంతో. ఎవరూ నాలా అనుమానంగా కూర్చున్నట్టు లేదు.

లాంబర్ట్ వచ్చాడు. మొదటి రెండు పాటలూ నేను పరీక్ష పేపర్ దిద్దే మాస్టారిలా విన్నాను. ఇక్కడ ఫ్రెడ్డీ ఇలా తిప్పేవాడు, ఇక్కడ గొంతు గరుగ్గా పోయేది అనుకుంటూ. ఆ లెక్కన చాలా మార్కులు పోయాయి. మూడో పాటకో నాలుగో పాటకో తట్టింది, ఈ అబ్బాయి అసలు ఆ పరీక్షే రాయడం లేదని. మీసం లేదు, పసుపు జాకెట్ లేదు, సగం మైక్ స్టాండ్ ఊపడం లేదు. తళుకుల బట్టలు వేసుకుని, మోటార్‌సైకిల్ మీద ఒరిగి కూర్చుని, తన వంకర నవ్వుతో పాడుతున్నాడు. మధ్యలో తనే చెప్పాడు, నేను ఫ్రెడ్డీని కాను, మీలాగే అభిమానిని అని. ప్రతి ఊళ్లోనూ చెబుతాడని తర్వాత తెలిసింది. తెలిసినా నాకు తగ్గలేదు. పోస్టర్ మీద కూడా 'క్వీన్ ప్లస్ ఆడమ్ లాంబర్ట్' అనే ఉంటుంది. పదేళ్లు పాడినా ఆ ప్లస్ గుర్తుకి అవతలే నిలబడ్డాడు.

ఒక్క చోట మాత్రం నేను పూర్తిగా లొంగిపోయాను. 'హూ వాంట్స్ టు లివ్ ఫరెవర్' పాటలో గొంతు పైకి తీసుకెళ్లి అక్కడే నిలిపాడు చూడండి, పక్కనున్న పెద్దాయన కళ్లద్దాలు తీసేశాడు. ఆ పాట రాసింది బ్రయాన్ మే. కొంచెం దూరంలో, కుర్రతనంలో నాన్నతో కలిసి పాత ఫైర్‌ప్లేస్ చెక్కతో చేసుకున్న ఆ గిటారే పట్టుకుని, ఆరు పెన్నీల నాణెంతో మీటుతూ నిలబడ్డాడాయన. తెల్లటి జుట్టు. ఖగోళ భౌతికశాస్త్రంలో డాక్టరేట్ చేసిన మనిషి. నేను చూడ్డానికి వచ్చింది లేని మనిషిని కాదేమో, ఉన్న ఈ ఇద్దరినీనేమో. రెండోవాడు డ్రమ్స్ వెనక రోజర్ టేలర్, అప్పటికి 72 ఏళ్లు. ఆయన బొంగురు గొంతు ఇప్పటికీ గదినంతా నింపేస్తుంది. బేస్ వాయించే జాన్ డీకన్ ఎప్పుడో 1997లోనే తప్పుకున్నాడు. ఆ ఖాళీ గురించి ఎవరూ మాట్లాడరెందుకో.

తర్వాత బ్రయాన్ ఒక్కడే అకూస్టిక్ గిటార్‌తో వేదిక చివర కూర్చున్నాడు. 'లవ్ ఆఫ్ మై లైఫ్' మొదలుపెట్టి తను ఆగిపోయాడు. హాలు పాడింది. అన్ని వేల ఫోన్ల దీపాల మధ్య, చివర్లో, పెద్ద తెరమీద ఫ్రెడ్డీ వచ్చి మిగిలిన చరణం అందుకున్నాడు. ఇది వీడియో ట్రిక్కని నాకు తెలుసు, ముందే యూట్యూబ్‌లో చూశాను కూడా. అయినా గొంతుకి ఏదో అడ్డం పడింది. మావాడు నా వైపు చూడకుండా మర్యాదగా తెరవైపే చూశాడు.

'బొహీమియన్ రాప్సడీ'లో మధ్య ఆపెరా భాగం రికార్డే వేశారు. మోసం అనుకోకండి, ఫ్రెడ్డీ ఉన్న రోజుల్లోనూ వేదిక మీద అంతే. గొంతు మీద గొంతు పేర్చి స్టూడియోలో చేసిన ఆ భాగాన్ని నలుగురు మనుషులు పాడలేరు.

బయటికి వచ్చేసరికి పదిన్నర దాటింది. స్టేషన్ దగ్గర తోపులాట, చెవుల్లో ఇంకా హోరు. హాలంతా పాడినప్పుడు ఫోన్లో తీసిన ముక్కను రైల్లోంచే మా ఆవిడకు పంపాను. విజయవాడలో తెల్లవారి లేచాక జవాబు పెట్టింది: "బావుంది. మధ్యలో శ్రుతి లేకుండా అరుస్తున్నది మీరేనా?"