ఫోన్‌కి దొరకని మీడియా సర్వర్

మా టీవీ వెనక ఉన్న చిన్న కంప్యూటర్‌లో కోడీ అనే మీడియా ప్లేయర్ సాఫ్ట్‌వేర్ నడుస్తుంది. పాటలు, సినిమాలు, ఇంట్లోవాళ్ల ఫొటోలు అన్నీ అందులోనే. చీకట్లో కీబోర్డ్ తడుముకోవడం విసుగొచ్చి, కోడీ బృందమే తయారు చేసిన కోర్ అనే రిమోట్ యాప్‌ని ఫోన్‌లో వేసుకున్నాను.

యాప్ తెరిస్తే కోడీ ఎక్కడుందో తనే వెతుక్కుంటుంది. నాకు మాత్రం ఏమీ దొరకలేదంది. ముందు కోడీలో అనుమతి ఇవ్వాలని అప్పుడు తెలిసింది. సెట్టింగ్స్‌లో సర్వీసెస్, అందులో కంట్రోల్. అక్కడ హెచ్‌టీటీపీ రిమోట్ కంట్రోల్, అంటే నెట్‌వర్క్ ద్వారా కోడీని నడిపే అనుమతి, ఆన్ చేసి పాస్‌వర్డ్ పెట్టాను. 2021లో వచ్చిన 19వ వెర్షన్ నుంచి, మనం మార్చకపోతే పాస్‌వర్డ్ అడిగేలా పెట్టారు, మంచి పని. వేరే పరికరాల్లోని అప్లికేషన్లకు అనుమతి కూడా ఆ పేజీలోనే ఉంది, దాన్నీ ఆన్ చేశాను.

అయినా దొరకలేదు. ఇంటి నెట్‌వర్క్‌లో ఆ కంప్యూటర్ చిరునామా, అంటే ఐపీ అడ్రస్ 192.168.1.14, కోడీ వినే పోర్ట్ నంబర్ 8080 అని చేత్తో కొట్టినా అంతే. టెన్షన్ మొదలైంది. లాప్‌టాప్ బ్రౌజర్‌లో అదే అడ్రస్ కొడితే వెంటనే పాస్‌వర్డ్ అడిగింది. అంటే సర్వర్ బాగానే ఉంది, తేడా ఫోన్ వైపే. వైఫై పేరు చూశాను. చివర ‘గెస్ట్’ అని ఉంది! చాలా రౌటర్లలో గెస్ట్ వైఫైకి ఇంటర్నెట్ అందుతుంది కానీ, ఇంట్లోని మిగతా పరికరాలు కనిపించవు. అసలు వైఫైకి మారగానే యాప్‌లో కోడీ పేరు వచ్చేసింది. ఆ క్షణం ఎంత హాయిగా అనిపించిందో!

మూడు రోజులకు మళ్లీ పోయింది. కరెంటు పోయి వచ్చాక రౌటర్ ఆ కంప్యూటర్‌కి 17తో ముగిసే అడ్రస్ ఇచ్చింది, యాప్ పాతదాన్నే పట్టుకుని ఉంది. రౌటర్ సెట్టింగ్స్‌లో ఆ కంప్యూటర్ మ్యాక్ అడ్రస్‌కి (నెట్‌వర్క్‌లో దాన్ని గుర్తించే నంబర్) ఒకే ఐపీ రిజర్వ్ చేశాక ఆ బాధ తీరింది. మీరైతే ఈ పని మొదటిరోజే చేసేయండి. బయట నుంచి కూడా వాడుకోవచ్చు కదా అని 8080 పోర్ట్‌ని ఇంటర్నెట్‌కి మాత్రం తెరవొద్దు. ఇది ఇంటి లోపల వాడుకోవడానికే.

ఇప్పుడు టీవీలో పాట వస్తుండగానే ఫోన్‌లో లైబ్రరీ అంతా తిరగేసి, తర్వాతి పాటను వరుసలో చేరుస్తున్నాను. చూస్తున్నవాళ్లకి తెర మీద ఒక్క మెనూ కూడా అడ్డు రాదు.