ఫోటోలో వెనుకనున్న ఊరు

నేను వృత్తిరీత్యా ఫోటోగ్రాఫర్‌ను కాను. రాజమహేంద్రవరంలో ఉంటూ, సెలవు దొరికినప్పుడల్లా గోదావరి గట్టు వెంబడి తిరుగుతూ, వీలైనప్పుడు కాస్త దూరప్రయాణాలు చేస్తూ, చేతిలో ఉన్న ఫోన్‌తోనో పాత కెమెరాతోనో ఫోటోలు తీసి నలుగురితో పంచుకుంటూ ఉంటాను. ఇన్నేళ్ళుగా ఈ పని చేస్తున్నాక నాకు గట్టిగా కలిగిన అభిప్రాయం ఒకటుంది. మనలాంటి ఔత్సాహికులు తీసే ఫోటోల్లో ప్రకృతి దృశ్యం కోసం తీసినవాటికి చూసేవాళ్ళు ఎక్కువ. ఊరూ, రేవూ, వీధీ అనుకోకుండా పడిన ఫోటోలకు మాత్రం కావలసినవాళ్ళు ఉంటారు. చూసేవాళ్ళు ఒక క్షణం చూసి వెళ్ళిపోతారు. కావలసినవాళ్ళు వెతుక్కుంటూ వస్తారు.

పాపికొండల ప్రయాణమే తీసుకుందాం. గోదావరి జిల్లాలవారిలో లాంచీ ఎక్కి పాపికొండలు చూడనివారు తక్కువ. అందరి ఆల్బముల్లోనూ అవే ఫోటోలు ఉంటాయి: నది సన్నబడి రెండు కొండల మధ్య నుంచి మలుపు తిరిగేచోటు, పట్టిసీమలో నది నడుమ కొండమీది వీరభద్రస్వామి గుడి, పేరంటాలపల్లిలో కొండవాగు పక్కనున్న శివాలయం. ఇవన్నీ అందమైనవే, నేనూ తీశాను. కానీ ఆ మలుపును నాకంటే ఎంతో బాగా తీసినవారు వందల్లో ఉన్నారు, కొండలు ఎక్కడికీ పోవు, రేపు మరొకరు ఇంకా బాగా తీయగలరు. అదే లాంచీలోంచి కనిపించిన దేవీపట్నం రేవును ఇప్పుడు ఎవరూ అలా తీయలేరు.

పూర్వం లాంచీలు పాపికొండల వైపు వెళ్ళేటప్పుడు దేవీపట్నం పోలీసు స్టేషన్ దగ్గర తనిఖీ కోసం కాసేపు ఆగేవి. ఆ ఆగిన సమయంలో ప్రయాణికులు తోచక ఒకరినొకరు ఫోటోలు తీసుకునేవారు. నేను తీసిన ఒక ఫోటోలో మా కుటుంబం లాంచీ పైఅంతస్తు కమ్మీని ఆనుకుని నిలబడి ఉంటుంది, ముఖాలమీద ఎండ పడి కళ్ళు చికిలించుకుని ఉంటారు. ఫోటోగా దానికి గొప్పదనమేమీ లేదు. వారి భుజాల వెనుక మాత్రం రేవు మెట్లు, మెట్లమీద ఆరేసిన రెండు చీరలు, పైన చింతచెట్టు, దాని పక్కన పెంకుటిల్లు, ఇంటి అరుగుమీద బోర్లించిన బిందెలు స్పష్టంగా కనిపిస్తాయి. అరుగు అంచుకు ఎర్రమట్టి పట్టీ కూడా తెలుస్తుంది.

ఈ ఫోటోను తేదీ, ఊరి పేరు రాసి మిగతావాటితో పాటు పెట్టాను. కొంతకాలానికి హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్న ఒక యువకుడు నాకు రాశాడు: "అన్నగారూ, ఆ చింతచెట్టు పక్కన పెంకుటిల్లు మాదేనండి. మా తాతగారు కట్టించింది. మా ఇంట్లో ఆ ఇంటి ఫోటో ఒక్కటీ లేదండి. పెళ్ళి ఫోటోలన్నీ పందిట్లో తీసినవే. అసలు ఫైలు ఉంటే పంపుతారా?" పంపాను. దాన్ని పెద్దదిగా ప్రింటు వేయించి, పునరావాస కాలనీలో ఉంటున్న వాళ్ళ నాయనమ్మగారికి ఇచ్చాడట. ఆవిడ ఫోటోలో మనుషులను వదిలేసి అరుగుమీది బిందెలను లెక్కపెట్టారని, ఆరేసిన చీరల్లో ఒకటి పొరుగింటావిడదని చెప్పారని తరువాత రాశాడు.

పోలవరం ప్రాజెక్టు సంగతి తెలుగువారికి కొత్తగా చెప్పనక్కరలేదు. జలాశయం పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు, తొలిదశలో నింపదలచినది 41.15 మీటర్లు. 2021 జూన్‌లో నది ప్రవాహాన్ని స్పిల్‌వే (గేట్లున్న కట్టడం) మీదుగా మళ్ళించారు. ఆ తరువాత వరద వచ్చినప్పుడల్లా నీరు వెనక్కి తన్ని దేవీపట్నం మండలంలోని రేవు గ్రామాలను ముంచెత్తుతోంది, గండి పోశమ్మ గుడి గోపురం దాకా నీళ్ళు చేరడం వార్తల్లో చూస్తూనే ఉన్నాం. ఊళ్ళవాళ్ళు గోకవరం వైపు, ఆవలిగట్టువాళ్ళు జంగారెడ్డిగూడెం దగ్గర తాడువాయి వంటి చోట్ల కట్టిన కాలనీలకు తరలిపోయారు. ప్రాజెక్టు మంచిచెడ్డల గురించి రాయడం ఈరోజు నా ఉద్దేశం కాదు. ఆ ఊళ్ళు ఊళ్ళుగా ఉన్నప్పటి రూపం ఎక్కడ మిగిలి ఉందన్నదే నా ప్రశ్న. సర్వే దస్త్రాల్లో ఇంటి కొలతలు ఉంటాయి, నష్టపరిహారం కాగితాల్లో చెట్ల లెక్క ఉంటుంది. అరుగుమీద సాయంత్రం ఎండ ఎలా పడేదో మాత్రం విహారయాత్రకు వెళ్ళినవాళ్ళ ఫోటోల్లోనే ఉంది, అదీ వాళ్ళకు తెలియకుండానే.

ఇలాంటిది మనకు కొత్త కాదు. నాగార్జునసాగర్ కోసం కృష్ణ లోయ మునగబోతుందని తెలిశాక, పురావస్తు శాఖ 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో నాగార్జునకొండ లోయను తవ్వి, ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురిని కొలిచి, ఫోటోలు తీసి, కొన్ని కట్టడాలను కొండమీదికీ అనుపు గ్రామానికీ తరలించి మళ్ళీ నిలబెట్టింది. ఆ ఫోటోలు లేకపోతే ఇవాళ మనకు ఆ లోయ అడుగు ఎలా ఉండేదో ఊహకు కూడా అందదు. అయితే నేను చూసిన పుస్తకాల్లో స్తూపాలు, విహారాలు, మెట్లతో కట్టిన ఆ క్రీడాప్రాంగణం ఎంత వివరంగా ఉన్నాయో, అదే లోయలో ఆనాడు కాపురాలు చేస్తున్న రైతుల ఇళ్ళు, దొడ్లు అంత వివరంగా లేవు. చారిత్రక కట్టడానికి ప్రభుత్వ ఫోటోగ్రాఫర్ వస్తాడు. పశువుల కొట్టానికి ఎవరూ రారు. ఆనాడు పల్లెల్లో కెమెరా అన్న వస్తువే లేదు, కాబట్టి ఎవరినీ తప్పుపట్టలేం. ఇప్పుడు ప్రతి జేబులోనూ ఉంది.

శ్రీశైలం జలాశయం వెనుక, నంద్యాల జిల్లా సంగమేశ్వరంలో ఈ సంగతి ఇంకో విధంగా కనిపిస్తుంది. అక్కడ వేపదారు శివలింగం ఉన్న గుడి ఏడాదిలో ఎక్కువకాలం నీటిలోనే ఉండి, వేసవిలో నీరు తగ్గినప్పుడు బయటపడుతుంది. ప్రతి ఏడాదీ భక్తులు, చూడవచ్చినవాళ్ళు ఫోటోలు తీస్తారు. తేదీ ఉన్న ఫోటోలను వరుసగా పెట్టి చూస్తే ఏ వేసవిలో ఎంత ముందుగా గుడి తేలిందో, గోడల్లో ఏ రాయి ఎప్పుడు జారిపోయిందో చెప్పవచ్చు. తేదీ లేకపోతే అవన్నీ ఒక్కలాంటి ఫోటోలే.

అందుకే పంచుకునేటప్పుడు ఫోటోతో పాటు నాలుగు మాటలు రాయాలని నేను పట్టుపడతాను. "అద్భుతం", "ప్రశాంతత" వంటి మాటల వల్ల ఎవరికీ ఉపయోగం లేదు. ఊరి పేరు, మండలం, నెల, సంవత్సరం, ఏ వైపుకు తిరిగి తీశామన్నది రాయాలి. నది దగ్గర దిక్కుల కంటే ఎగువ, దిగువ అని రాస్తే స్థానికులకు చప్పున అర్థమవుతుంది. గట్టు చెప్పేటప్పుడు ప్రవాహం వెళ్ళే వైపు ముఖం పెట్టి నిలబడితే ఎడమచేతి వైపున్నది ఎడమగట్టు. ఆ లెక్కన దేవీపట్నం ఎడమగట్టుమీది ఊరు, పోలవరం కుడిగట్టుమీది ఊరు. "దేవీపట్నం రేవు, ఎడమగట్టు, లాంచీ నుంచి, ఎగువకు చూస్తూ" అన్న ఒక్క వాక్యం ఉంటే, ఆ ఊరు ఎరిగినవారు ఎవరైనా మిగతాదంతా తామే పూరించగలరు. జిల్లాల పేర్లు 2022లో మారాయి కాబట్టి పాత ఫోటోలకు పాత జిల్లా, కొత్త జిల్లా రెండూ రాయడం మంచిది. అప్పటి తూర్పుగోదావరిలోని దేవీపట్నం మండలం 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి, పశ్చిమగోదావరిలోని పోలవరం ఏలూరు జిల్లాలోకి వెళ్ళింది. పాత పేరుతో వెతికేవారు ఇంకా చాలామందే ఉన్నారు.

అసలు ఫైలును జాగ్రత్త చేసుకోవడం అంతకంటే ముఖ్యం. మన ఇళ్ళల్లో ప్రయాణాల ఫోటోలన్నీ వాట్సాప్ గ్రూపుల్లోనే బతుకుతున్నాయి. మామూలుగా ఫోటో పంపితే వాట్సాప్ దాన్ని కుదించి, తీసిన తేదీ, స్థలం వంటి లోపలి వివరాలను తొలగించి పంపుతుంది. 4000 పిక్సెళ్ళ వెడల్పు ఉన్న ఫోటో అవతలివారికి చేరేసరికి సుమారు 1600 పిక్సెళ్ళు మాత్రమే మిగులుతాయి. ముఖాలు చూసుకోవడానికి అది చాలు. వెనుకనున్న పెంకుటింటిని పెద్దది చేసి చూడాలంటే చాలదు, బిందెలు మరకల్లా కనబడతాయి. అదే ఫోటోను డాక్యుమెంటుగా పంపితే ఉన్నదున్నట్టు వెళుతుంది. ఇంట్లో పెద్దవాళ్ళ ఫోన్ మార్చేటప్పుడు, నిండిపోయిందని అన్నీ చెరిపేసే ముందు, ఒక్కసారి అసలు ఫోటోలను హార్డ్‌డిస్కులోకి ఎక్కించండి. ఈ మాట నేను కనబడిన ప్రతివారికీ చెబుతుంటాను.

హక్కుల గురించి కూడా అడుగుతుంటారు. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం మన సరదాకు మనం తీసిన ఫోటోమీద హక్కు మనదే, విడిగా ఎక్కడా నమోదు చేయించనక్కరలేదు. నా ఫోటోలను పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చని, మార్పులు చేస్తే వాటినీ అదే షరతుతో పంచుకోవాలని చెప్పే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద పెడుతున్నాను. ఫోటో నడిబొడ్డున పేరు ముద్ర వేయడం నాకు నచ్చదు. ఎవరి ఇంటి గుమ్మంమీదో నా పేరు ఎందుకు?

దీనికి ఒక హద్దు కూడా ఉంది. పేరంటాలపల్లిలో వెదురుతో పువ్వులు, బుట్టలు అల్లి అమ్మే కొండరెడ్ల ఆడవాళ్ళను లాంచీ దిగిన ప్రతివాడూ అడగకుండా ఫోటో తీస్తాడు. బేరమాడుతూనే తీస్తాడు. నాకు అది చూడలేనంత కష్టంగా ఉంటుంది. అడిగితే కొందరు నవ్వి సరేనంటారు, కొందరు వద్దంటారు, వద్దన్నప్పుడు అల్లికను, చేతులను తీయడానికి కూడా నేను ప్రయత్నించను. సరేనన్నవారికి ఫోటో కాగితంమీద ఇవ్వాలి. ఫోన్‌లో చూపించి వచ్చేయడాన్ని నేను ఇవ్వడం కింద లెక్కవేయను. మళ్ళీ వెళ్ళేటప్పుడు ప్రింట్లు తీసుకెళ్ళి, వారు కనబడకపోతే రేవు దగ్గర కొట్టువాళ్ళకు ఇచ్చి వస్తే చేరవలసినవారికి చేరుతాయి. పిల్లల ముఖాలు తెలిసే ఫోటోలను, ఇప్పుడు ఎవరో నివసిస్తున్న ఇంటి కచ్చితమైన స్థలసూచికను (మ్యాపులో చోటు చూపే వివరాన్ని) నేను అందరికీ కనబడేలా పెట్టను. మునిగిన ఊళ్ళ విషయంలో మాత్రం ఆ స్థలసూచిక తప్పక ఉంచుతాను, ఎందుకంటే ఇల్లు ఎక్కడుండేదో చెప్పడానికి వాళ్ళకు ఇక మిగిలిన గుర్తు అదే.

మా ఊళ్ళోనే చేయవలసిన పని ఇంకా చాలా ఉంది. హేవలాక్ వంతెనమీద 1897 నుంచి 1997 దాకా రైళ్ళు నడిచాయి. వంతెన దూరం నుంచి వేల ఫోటోల్లో ఉంది. గట్టున స్తంభాల నీడలో వల బాగుచేసుకునేవాళ్ళు, పడవల అడుగులకు తారు పూసేవాళ్ళు ఎన్ని ఫోటోల్లో ఉన్నారు? నేను కోటిలింగాల రేవులో ఒకే మెట్టుమీద నిలబడి వేసవిలో, వరదలో, కార్తీక మాసంలో ఒకే వైపుకు చూస్తూ ఫోటోలు తీస్తున్నాను. ఒక్కొక్కటిగా చూస్తే వాటిలో ఏమీ ఉండదు. పక్కపక్కన పెడితే ఒక పూలకొట్టు రెండు అడుగులు వెనక్కి జరగడం, ఒక రావికొమ్మ కొట్టేయడం, మెట్ల రాళ్ళమీదికి టైల్స్ రావడం కనబడతాయి.

2015 పుష్కరాలకు ఘాట్లు ఎంత మారాయో ఈ ఊరివారందరికీ గుర్తే. మళ్ళీ 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి కాబట్టి మెట్లు, మండపాలు, కొట్లు, గోడలమీది రాతలు మరోసారి మారతాయి. అందుకని పనులు మొదలయ్యే లోపు రాజమహేంద్రవరం, కొవ్వూరు, ధవళేశ్వరం రేవులను మెట్టుమెట్టుగా తీసి పెట్టుకోవాలని అనుకుంటున్నాను. కొవ్వూరు గోష్పాద క్షేత్రం వైపు 2015కు ముందు తీసిన ఫోటోలు నా దగ్గర బొత్తిగా లేవు. అలాగే 2021కి ముందు పాపికొండల దారిలో లాంచీలోంచి తీసిన ఫోటోలు మీ ఇంట్లో ఉంటే, ముఖాలు సరిగా పడలేదనో, చెయ్యి కదిలిందనో పక్కన పెట్టినవైనా సరే, ఒకసారి బయటికి తీయండి. వెళ్ళిన నెల, సంవత్సరం గుర్తున్నంతవరకు రాయండి, ఊరి పేరు తెలియకపోయినా ఫరవాలేదు, ఆ గట్టు ఎరిగినవాళ్ళు చూసి చెబుతారు.