ఆప్షన్లు లేని ప్రశ్న

ఇబ్రహీంపట్నం వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఫస్టియర్‌కి ఎం వన్, అంటే మొదటి లెక్కల పేపరు, చెబుతాను. అంతకుముందు దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటర్ ఎంపీసీ వాళ్లకి చెప్పాను. అందుకేనేమో, "ఇప్పటి పిల్లలకి లెక్కలు రావు" అని స్టాఫ్ రూమ్‌లో ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఇంటర్ లెక్కల పేపర్లు వన్ ఏ, వన్ బీ, టూ ఏ, టూ బీ దాటకుండానే వచ్చారా ఇక్కడికి? వాళ్లకి రానిది వేరే ఉంది.

మొన్న బోర్డు మీద చిన్న మాత్రిక వేశాను. పై వరుస 4, 1. కింది వరుస 2, 3. ఐగన్ విలువలు (మాత్రికతో గుణించినప్పుడు కొన్ని వెక్టర్లు ఎన్ని రెట్లవుతాయో చెప్పే సంఖ్యలు) అడిగి ఇటు తిరిగేలోపే వెనక బెంచీ నుంచి "5, 2 మేడమ్" అని వచ్చేసింది. వికర్ణం మీద మొత్తం 7, డిటర్మినెంట్ 10; కలిపితే 7, గుణిస్తే 10 వచ్చే రెండు సంఖ్యలు, ఇంకేముంది! సరే, 5కి ఐగన్ వెక్టర్, అంటే గుణిస్తే సరిగ్గా ఐదు రెట్లయ్యేది, తీయమన్నాను. రాశాడు, చెరిపాడు, మళ్లీ రాశాడు. "మేడమ్, రెండు సమీకరణాలూ ఒకటే వస్తున్నాయి, ఎక్కడో తప్పు పోయింది."

ఏమీ పోలేదు. అలాగే రావాలి, రాకపోతేనే తప్పు. x, y సమానంగా ఉండే సున్నా కాని ఏ వెక్టరైనా సరిపోతుంది. అనంత సాధనలు ఎప్పుడుంటాయో వాడికి ఇంటర్ ఫస్టియర్ నుంచే తెలుసు, మాత్రికల ర్యాంకులు పోల్చి చెప్పేస్తాడు కూడా. అవే తన నోట్‌బుక్‌లో ఎదురైతే గుర్తుపట్టలేదు.

ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్‌లో (మన నోట్లో ఇంకా ఎంసెట్టే) మూడు గంటల్లో 160 ప్రశ్నలు, అందులో 80 లెక్కలవే. ఒక్కోదానికి నిమిషం మీద ఏడెనిమిది సెకన్లు. నెగెటివ్ మార్కులు లేవు. అక్కడ ఒకే లెక్క పట్టుకుని పది నిమిషాలు కూర్చుంటే ర్యాంకు పోయినట్టే. "రాకపోతే వదిలెయ్, ముందుకెళ్లు" అని ఇంటర్‌లో నేనూ చెప్పాను, మళ్లీ అక్కడ చెప్పాల్సి వచ్చినా అదే చెబుతాను. కానీ రెండేళ్లు అలా పరిగెత్తించి, ఇక్కడికి రాగానే పది మార్కుల ప్రశ్న ఇచ్చి ప్రతి మెట్టుకీ కారణం రాయమంటే వాళ్లేం చేస్తారు? పద్ధతి మారిందని చెప్పినవాళ్లే లేరు.

కౌన్సెలింగ్ ఆఖరి విడతలో చేరేవాళ్ల పాట్లు ఇంకోరకం. మొదటి యూనిట్టే మాత్రికలు, వాళ్లొచ్చేసరికి అది అయిపోతుంది.

బ్రిడ్జ్ కోర్సు పేరుతో డిఫరెన్సియేషన్ ఫార్ములాలు మళ్లీ అప్పజెప్పించడం మీద నాకు నమ్మకం లేదు. పీరియడ్‌కి ఒకే లెక్క ఇస్తాను, ఆప్షన్లు ఉండవు, జవాబు చెప్పను. "కరెక్టేనా మేడమ్?" అంటే "నువ్వే చెప్పు" అంటాను. వెక్టర్ 1, 1 అనుకుంటే మాత్రికతో గుణించి చూడు: 4 ప్లస్ 1, 2 ప్లస్ 3. రెండూ 5. ఐదు రెట్లయింది కదా! జవాబుల కీ లేకుండా సరిచూసుకోవచ్చంటే మొదట్లో నా మీదే అనుమానపడతారు.

ఆ కుర్రాడు 2కి కూడా వెక్టర్ తీశాడు: 1, మైనస్ 2. నన్ను అడక్కుండా గుణించి చూసుకున్నాడు. పక్కవాడేమో "ఇది ఇంపార్టెంటా మేడమ్, మిడ్ పరీక్షలో వస్తుందా?" అన్నాడు.

వస్తుంది నాయనా, రాయి.