మొరాయించని ఎమ్‌జీబీ: నా అనుభవం

నాది 1970 ఎమ్‌జీబీ రోడ్‌స్టర్, అంటే టాప్ తీసి నడుపుకునే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. ఆక్స్‌ఫర్డ్ పక్కన ఆబింగ్డన్‌లో తయారైన కారు, మేముండేదీ ఆ చుట్టుపక్కలే. కొన్నప్పుడు అందరూ ఒకటే మాట, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ నమ్ముకుని బయల్దేరలేం అని. నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు. 1962 నుంచి 1980 దాకా ఐదు లక్షలకు పైగా తయారైన కారు ఇది, అప్పట్లో జనం దీన్ని రోజూ ఆఫీసుకే వేసుకెళ్లేవాళ్లు.

మొదటి వేసవిలోనే గొడవ మొదలైంది. చల్లగా ఉన్నప్పుడు ఒక్క సెల్ఫ్‌కే స్టార్టయ్యేది, బాగా వేడెక్కాక ట్రాఫిక్‌లో పడితే మాత్రం రెండు సార్లు దగ్గినట్టు చేసి ఆగిపోయేది. బానెట్ ఎత్తి కాసేపు వదిలేస్తే ఏమీ జరగనట్టే మళ్లీ స్టార్టు! ఏ34 రోడ్డు పక్కన లారీలు దూసుకుపోతుంటే అలా నిలబడాలంటే మహా టెన్షన్. చూసినవాళ్లంతా వేడికి పెట్రోలు ఆవిరైపోతోంది, పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కిచ్చే ఆ రెండు ఎస్‌యూ కార్బురేటర్లూ మార్చెయ్ అన్నారు.

రాజమండ్రిలో మా బాబాయికి ఫోన్ చేశాను. ఆయన చాలా ఏళ్లు అంబాసిడర్ టాక్సీ నడిపారు. అంబాసిడర్‌లోని 1489 సీసీ ఇంజనూ నా కారులోని 1798 సీసీ ఇంజనూ ఒకే వంశం, రెండూ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బీఎమ్‌సీ) వాళ్ల బీ-సిరీసే. అంతా విని, "ఒరేయ్, పెట్రోలు జోలికి పోకు, ముందు కరెంటు చూడు. బండి ఆగిపోగానే ప్లగ్గు ఇంజన్‌కి ఆనించి సెల్ఫ్ కొట్టించు. స్పార్కు నీలంగా, గట్టిగా పడాలి. పసుప్పచ్చగా, నీరసంగా పడితే కండెన్సర్ చూసుకో" అన్నారు. స్పార్కు గట్టిగా పడేలా చేసే చిన్న భాగం అది. "కండెన్సర్ కొత్తదే బాబాయ్, అమ్మినాయన మార్పించాడట" అన్నాను. "కొత్తదైతే మంచిదేనని ఎవరు చెప్పార్రా?"

ఆయన చెప్పినట్టే చూస్తే స్పార్కు పసుప్పచ్చగానే ఉంది. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీస్తే, లోపల కరెంటును కలిపి తెంపే పాయింట్ల మొహాలు నల్లగా మాడి ఉన్నాయి. కండెన్సర్ చిటికెన వేలి కొసంత ఉంటుంది, వేడికి లోపల దాని ఇన్సులేషన్ దెబ్బతింటే ఇలాగే చేస్తుంది, చల్లబడ్డాక మళ్లీ బుద్ధిగా ఉంటుంది. ఇప్పుడు బజార్లో దొరికే కండెన్సర్లూ, డిస్ట్రిబ్యూటర్‌లో తిరుగుతూ ఒక్కో ప్లగ్గుకీ కరెంటు అందించే రోటర్లూ చాలావరకు నాసిరకం, కాబట్టి నాలుగు పౌండ్లు ఎక్కువైనా మంచివే వేసుకోండి. నేను రివెట్ లేని రోటర్ కూడా వేశాను, ఎందుకంటే ఆ రివెట్ దగ్గరే కరెంటు కిందికి, షాఫ్ట్‌లోకి దూకేస్తుంది. పాయింట్ల గ్యాప్ 0.35 నుంచి 0.40 మి.మీ. మధ్య పెట్టుకుని, ఆ తర్వాతే టైమింగ్, అంటే స్పార్కు పడే సమయం, చూడాలి, గ్యాప్ మారితే టైమింగూ మారుతుంది. ఇది చేశాక వేడిలో ఆగడం పోయింది. కార్బురేటర్లు ముట్టుకోనేలేదు.

బాబాయి మాట పట్టుకుని మిగతా కరెంటు పనులూ మొదలుపెట్టాను. ఇంజన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది, దానికి ఎర్త్, అంటే కరెంటు బాటరీకి తిరిగెళ్లే దారి, అల్లిక తీగల పట్టీ గుండానే వస్తుంది. పట్టీ పాడైతే సెల్ఫ్ లాగే కరెంటంతా చోక్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్ వెతుక్కుంటుంది, అవి చేత్తో పట్టుకోలేనంత కాలిపోతాయి. నా పట్టీ పచ్చగా చిలుం పట్టి ఉంది. కొత్తది బిగించి, బోల్టు కూర్చునే చోట రంగు గీకేసి లోహం కనబడేలా చేసి, పైన వాజ్‌లైన్ రాశాను. తర్వాత వైర్లు కలిసే బుల్లెట్ కనెక్టర్లు. ఒక్కొక్కటీ లాగి, ఎమెరీ పేపర్‌తో రుద్ది, వదులైన గొట్టాలు మార్చాను. విసుగొచ్చే పనే, కానీ హెడ్‌లైట్లు ఎంత వెలుగొచ్చాయంటే మా ఆవిడ బల్బులు మార్చావా అని అడిగింది!

పెట్రోల్ పంపు వెనక కుడి చక్రం దగ్గర కారు కింద ఉంటుంది. తాళం తిప్పగానే టిక్‌టిక్‌మని కొట్టుకుని, కార్బురేటర్లు నిండాక ఆగిపోవాలి. ఆగకుండా కొట్టుకుంటూనే ఉంటే ఎక్కడో లీకు. అసలు కొట్టుకోకపోతే దాని పాయింట్లు మాడినట్టు, స్పానర్‌తో మెల్లగా ఒక దెబ్బ వేస్తే ఇంటిదాకా తెస్తుంది.

ఇంగ్లండ్‌లో 2021 సెప్టెంబర్ నుంచి మామూలు పెట్రోలంటే ఈ10, అంటే పది శాతం దాకా ఇథనాల్. పాత రబ్బరు పైపుల్ని అది తినేస్తుంది. ఇంజన్ పక్కనే పెట్రోలు కారితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు, అందుకని పైపులన్నీ ఇథనాల్ తట్టుకునేవి వేసి, ఐదు శాతం దాకానే ఇథనాల్ ఉండే సూపర్ గ్రేడ్ ఈ5 పోయిస్తున్నాను. స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాలు మళ్లే కింగ్‌పిన్‌లకు 3000 మైళ్లకోసారి గ్రీజు, ఇంజన్‌లో 20డబ్ల్యూ-50 ఆయిల్. నలభై ఏళ్లు దాటిన కార్లకు 2018 నుంచి ఎమ్ఓటీ, అంటే ఏటా చేసే ఫిట్‌నెస్ పరీక్ష, తప్పనిసరి కాదు, నేను మాత్రం ఏటా చేయిస్తాను, కింద తుప్పు మన కంటికి కనబడదు కదా.

పోయిన వేసవిలో స్కాట్లండ్ దాకా వెళ్లొచ్చాం, ఎక్కడా ఆగలేదు. డిక్కీలో ఒక కండెన్సర్, పాయింట్లు, రోటర్, ఫ్యాన్ బెల్టు ఎప్పుడూ ఉంటాయి. ఇంజన్ వాల్వులు కూర్చునే సీట్లు అరిగిపోకుండా కాపాడేది పెట్రోల్లోని సీసం. సీసం కలిపిన పెట్రోలు బ్రిటన్‌లో 1999తోనే ఆగిపోయింది కాబట్టి గట్టి వాల్వ్ సీట్లు వేయించాలి, అందుకు ఈ చలికాలంలో సిలిండర్ హెడ్ దింపుతున్నాను.