మూర్ థియేటర్ బాల్కనీలో మ్యాడ్ సీజన్ ముచ్చట్లు

అమెరికాలో సియాటిల్ పక్కనున్న రెడ్‌మండ్‌లో మా పిన్ని కొడుకు ఇంట్లో దిగేసరికే నాకోసం టూరు ప్లాను సిద్ధంగా ఉంది. స్పేస్ నీడిల్ టవర్, పైక్ ప్లేస్ మార్కెట్, స్నోక్వాల్మీ జలపాతం, మౌంట్ రెయినియర్, మధ్యలో బాతెల్ గుడి. వచ్చిన చుట్టాలనందరినీ తిప్పీ తిప్పీ మావాడికి ఆ దారులు కంఠతా వచ్చేశాయి. "శనివారం మాత్రం నన్ను వదిలెయ్యిరా, సెకండ్ ఎవెన్యూలో మూర్ అని పాత థియేటర్ ఒకటి చూడాలి" అన్నాను.

"ఏం సినిమా అన్నా?"

"సినిమా లేదు. ఖాళీ థియేటరే."

"బావగారు ఖాళీ థియేటర్ చూడ్డానికి ఇంత దూరం వచ్చారా!" అంటూ మరదలు నవ్వాపుకోలేక వంటింట్లోకి వెళ్లిపోయింది.

2024 వేసవి అది. అప్పటికి రైలు ఇంకా లేక్ వాషింగ్టన్ సరస్సు దాటి సియాటిల్ దాకా రావడం లేదు కాబట్టి 545 బస్సే గతి. బస్సెక్కడానికి వాడే ఓర్కా కార్డుకు మూడు డాలర్లు, ప్రయాణానికి మూడుంపావు. రూపాయల్లోకి మార్చి చూసుకోకూడదని ఎంత గట్టిగా అనుకున్నా లెక్క దానంతటదే జరిగిపోతుంది. ఐదు వందల పైచిలుకు! ఆ డబ్బుతో హన్మకొండలో సూపర్ లగ్జరీ ఎక్కి, ఉప్పల్‌లో దిగి, టిఫిను కూడా చెయ్యొచ్చు. పైగా శనివారం కదా, బస్సు ఒక పట్టాన రాదు. చలి లేకపోవడం ఒక్కటే అదృష్టం. ప్రపంచంలోకెల్లా పొడవైన తేలే వంతెన మీదుగానే ఆ బస్సు వెళ్లింది, 2,350 మీటర్లట. తేలుతున్నట్టు మాత్రం ఎక్కడా అనిపించదు. మన ట్యాంక్‌బండ్ మీద వెళ్లినంత మామూలుగా ఉంది.

ఇంతకీ ఆ థియేటర్ గొడవేమిటంటే, హన్మకొండ హాస్టల్లో మా రూమ్మేట్ దగ్గర ఎమ్పీత్రీల సీడీ ఒకటి ఉండేది. ఎవరో సికింద్రాబాద్ సీటీసీలో రాయించుకొచ్చింది. అందులో ఒక పాట ఏడు నిమిషాల పైన ఉండేది. మొదట బేస్ గిటార్ ఒక్కటే, బద్ధకంగా, మెట్లు దిగుతున్నట్టు వచ్చేది. ఫైలు మీద ఆలిస్ ఇన్ చెయిన్స్ అని సియాటిల్ రాక్ బ్యాండు పేరు రాసుంది. గొంతు వాళ్లదే, గిటార్ మాత్రం వాళ్లది కాదని మాలో ఒకడు తెగ వాదించేవాడు. ఆ పాట మ్యాడ్ సీజన్ అనే బ్యాండుదని, వాళ్లు మొత్తం చేసింది ఒకే ఆల్బమ్ అని చాలా ఏళ్లకు తెలిసింది. మన మల్టీస్టారర్ లాంటి వ్యవహారం, ఒక్కో రాక్ బ్యాండు నుంచి ఒక్కో స్టారు. పర్ల్ జామ్ నుంచి గిటారిస్టు మైక్ మెక్‌క్రెడీ, ఆలిస్ ఇన్ చెయిన్స్ నుంచి గాయకుడు లేన్ స్టేలీ, స్క్రీమింగ్ ట్రీస్ నుంచి డ్రమ్మర్ బారెట్ మార్టిన్. బేస్ వాయించిన జాన్ బేకర్ సాండర్స్ ఒక్కడే స్టారు కాదు. వాళ్లకంటే వయసులో చాలా పెద్దవాడు, బ్లూస్ వాయిస్తూ బతికినవాడు. నన్ను పట్టుకున్న ఆ బేస్ అతనిదే.

మూర్ థియేటర్ 1907లో కట్టింది, ఇప్పటికీ ప్రదర్శనలు నడుస్తున్న థియేటర్లలో సియాటిల్‌లో అదే పాతది. నెలకొక శనివారం పొద్దున లోపలంతా ఉచితంగా తిప్పి చూపిస్తారు. ఉచితం అన్న మాట ఆ ఊళ్లో నాకు వినబడింది అక్కడొక్కచోటే. గుంపులో సగం మంది భవనాల మీద మోజున్న రిటైరైనవాళ్లు. గైడు పాలరాయి గురించి, గోడల మీది పనితనం గురించి చెబుతూ పోతున్నాడు. పై బాల్కనీ ఎంత నిటారుగా ఉందంటే ముందు వరుసలో నిలబడితే కాళ్లు వణికాయి. నా కళ్లు మాత్రం స్టేజీ మీదే ఉన్నాయి. 1995 ఏప్రిల్ 29 రాత్రి మ్యాడ్ సీజన్ అక్కడే వాయించింది. ఆ కచేరీని వీడియో తీసి అదే ఏడాది క్యాసెట్‌గా వదిలారు. నేను చూసింది ఎన్నో చేతులు మారిన కాపీ, మనుషుల మొహాలు పచ్చగా కనబడేవి.

పక్కనే ఒకావిడ, అరవై ఉంటాయేమో, గైడు మాట వినకుండా సీట్ల వరుసలు వేలితో లెక్కపెడుతోంది. "ఆ రాత్రి ఇక్కడెక్కడో కూర్చున్నాను, నంబరు గుర్తురావడం లేదు" అంది వెంట వచ్చిన తన తమ్ముడితో. ఏ రాత్రి అని నేను అడగలేదు. "ఏప్రిల్ 29?" అన్నాను. ఇద్దరూ గిర్రున తిరిగి చూశారు. ఇండియా నుంచి వచ్చిన, నెరిసిన జుట్టు మనిషి నోట ఆ తేదీ వాళ్లు ఊహించలేదు మరి.

అంతే, టూరు అయ్యాక కాఫీ కొట్టు దాకా ముగ్గురం కలిసే నడిచాం. కాఫీ ఆరు డాలర్లు, గుడ్డూ జున్నూ పెట్టిన రొట్టె పదమూడు, పన్ను వేరే, టిప్పు వేరే. మిషను తెర నా వైపు తిప్పి ఇరవై శాతమా, ఇరవై ఐదా అని అడుగుతుంటే వెనక క్యూలో ఉన్నవాళ్ల ముందు సున్నా నొక్కే ధైర్యం నాకు లేదు. ఆవిడ డబ్బు ఇవ్వబోతే వద్దన్నాను. అంత దూరం వెళ్లినా ఆ జబ్బు పోదు మనకు.

నేను అక్కడ వినబోయేది గిటార్ గొప్పలేననుకున్నాను. ఏ పెడల్, ఏ ఆంప్, పాత గిటారిస్టు హెండ్రిక్స్ ప్రభావం ఎంత, అలాంటివి. మా హాస్టల్లో నడిచిన కబుర్లన్నీ అవే. వీళ్లు గిటార్ ఊసే ఎత్తరే! ఆవిడ మొదలుపెట్టిందే మిన్నియాపొలిస్ నుంచి. మెక్‌క్రెడీ తాగుడు, మత్తుమందులు మానడానికి అక్కడి డీఅడిక్షన్ సెంటర్‌లో చేరినప్పుడు సాండర్స్ పరిచయమయ్యాడు. ఇద్దరూ సియాటిల్ వచ్చి బ్యాండు పెట్టారు. మానేసినవాళ్ల మధ్య ఉంటే స్టేలీ కూడా హెరాయిన్ వదిలేస్తాడేమోనని తన ఆశ అని మెక్‌క్రెడీ తర్వాత చెప్పాడు. 1994 అక్టోబరులో సియాటిల్‌లోని క్రోకడైల్ కెఫే అనే మ్యూజిక్ క్లబ్బులో గేసీ బంచ్ అనే పేరుతో మొదటిసారి స్టేజీ ఎక్కారు, అప్పటికి చేతిలో పూర్తయిన పాటలే లేవు. తర్వాత సంగీతమంతా వారం రోజుల్లో కుదిరిపోయింది. 1995 మార్చిలో 'అబవ్' ఆల్బమ్ వచ్చింది, మూడు నెలల్లో గోల్డ్ అయింది. అమెరికాలో అంటే ఐదు లక్షల కాపీలు.

"ఆ రాత్రి లేన్‌ని చూసి బాగుపడతాడనే అనుకున్నాం. పాడుతుంటే బాగుపడినట్టే ఉండేవాడు" అంది ఆవిడ. సాండర్స్ 1999 జనవరిలో హెరాయిన్ ఎక్కువై పోయాడు. స్టేలీ 2002 ఏప్రిల్ 5న పోయాడని తేల్చారు, రెండు వారాల దాకా ఎవరికీ తెలియనే లేదు. ఏప్రిల్ 5 మెక్‌క్రెడీ పుట్టినరోజు. ఈ మాట ఆవిడ చెప్పలేదు, నాకు ముందే తెలుసు. ఆ టేబుల్ దగ్గర ఎత్తబుద్ధి కాలేదు.

తమ్ముడు అప్పటిదాకా రొట్టె ముట్టుకోలేదు. అతనికి క్రోన్స్ వ్యాధి. పేగుల్లో పుండ్లు పడే రోగం, జీవితాంతం ఉంటుంది. మెక్‌క్రెడీకి కూడా ఇరవై ఒకటో ఏట అదే తేలింది. "పాటల కోసం కాదు, నేను అతని అభిమానినైంది పొట్ట కోసం" అని నవ్వాడు. అంత పెద్ద గిటారిస్టు తన బాత్‌రూమ్ కష్టాల గురించి నలుగురిలో మాట్లాడాకే ఇతను కూడా ఆఫీసులో తన జబ్బు సంగతి చెప్పగలిగాడట. క్రోన్స్ రోగుల సాయం కోసం మెక్‌క్రెడీ ఫ్లైట్ టు మార్స్ అనే ఇంకో బ్యాండు పెట్టి, తన చిన్ననాటి ఇష్టమైన యూఎఫ్ఓ అనే రాక్ బ్యాండు పాటలు వాయిస్తూ ఇదే ఊళ్లో కచేరీలు చేశాడు. వాటికి మాత్రం ఇతను వెళ్లాడు, మూర్ కచేరీకి వెళ్లలేదు. "ఆ రోజు ఎక్కడున్నారు?" అంటే "బాత్‌రూమ్‌లో" అన్నాడు. అక్క అతని చేతి మీద ఒక్కటిచ్చింది.

మా ఊళ్లో మా మేనమామకు ఇలాంటి పొట్ట జబ్బే ఉండేది. పెళ్లిళ్లకు రావడం మానేశాడు. ఎందుకు రాలేదో ఎవరికీ చెప్పేవాడు కాదు, పొగరు అనుకునేవాళ్లందరూ. ఆ కాఫీ కొట్లో కూర్చుని నేను ఎక్కువసేపు ఆలోచించింది, నిజం చెప్పాలంటే, ఆయన గురించే.

ఆ తర్వాత వాదన మొదలైంది. 1996, 97 ప్రాంతంలో స్టేలీ రాలేని స్థితిలో ఉంటే మిగతా ముగ్గురూ రెండో ఆల్బమ్‌కు సంగీతం సిద్ధం చేశారు, స్క్రీమింగ్ ట్రీస్ గాయకుడు మార్క్ లానెగన్ పాడాలన్నది ఆలోచన. అది జరగలేదు. 2013లో 'అబవ్'ను మళ్లీ వదిలినప్పుడు వాటిలో మూడింటికి లానెగన్ గొంతు కలిపారు. తమ్ముడికి అవే ఇష్టం. అక్క ఆ మూడూ ఇంతవరకూ వినలేదు, వినదట కూడా. "లేన్ లేని మ్యాడ్ సీజన్ నాకెందుకు?" అంటుంది. "మరి 2015లో బెనరోయా హాల్‌కు ఎందుకెళ్లావు?" అని తమ్ముడు పట్టుకున్నాడు. సియాటిల్ సింఫనీ ఆర్కెస్ట్రాతో కలిసి మెక్‌క్రెడీ, మార్టిన్ ఆ పాటలు వాయించిన రాత్రి అది, ఇంకో సియాటిల్ గాయకుడు క్రిస్ కోర్నెల్ పాడాడు. "అది సంతాప సభ, వేరే" అంది ఆవిడ. రెండేళ్లకు కోర్నెల్ పోయాడు, 2022లో లానెగన్ కూడా. ఆ పాటలకు గొంతిచ్చిన ముగ్గురు పెద్ద గాయకులూ లేరు. మెక్‌క్రెడీ మాత్రం ఆ 2024 మే నెలలోనే పర్ల్ జామ్‌తో ఇక్కడి క్లైమేట్ ప్లెడ్జ్ అరీనాలో రెండు రాత్రులు వాయించాడు. "వాయించనీ" అంది ఆవిడ. ఆ ఒక్క ముక్కలో ఎంత ఆపేక్షో.

వాళ్లు టకోమా వైపు వెళ్లిపోయారు. క్రోకడైల్ ఇప్పుడు పాత చోట లేదు, ఫస్ట్ ఎవెన్యూకు మారింది. వెళ్లి బయట నుంచి చూశాను, చూసినట్టే ఉంది. స్పేస్ నీడిల్ కింద దాకా నడిచి, మెడ ఎత్తి చూసి, టికెట్ ధర చదివి వెనక్కొచ్చాను. కింద నుంచి బాగానే కనబడుతుంది.

తిరుగు బస్సులో ఆ మూడు పాటలూ వరసగా విన్నాను. ఓటు తమ్ముడికే. లానెగన్ గొంతు బరువుకు తగ్గట్టు మెక్‌క్రెడీ వెనక్కి జరిగి, అవసరమైన చోట మాత్రమే వాయిస్తాడు. పర్ల్ జామ్‌లో మెడ వెనక గిటార్ పెట్టుకుని గంతులేసే మనిషేనా అనిపిస్తుంది. పైగా అడుగున సాండర్స్ బేస్ ఉంది, మరి ఆవిడ దాన్ని కూడా వదిలేసుకున్నట్టే కదా. ఈ మాట కాఫీ కొట్లోనే తట్టుంటే అని విసుక్కుంటుండగా మావాడి ఫోను: "అన్నా, ఖాళీ థియేటర్ అయిపోయిందా? వచ్చేటప్పుడు పెరుగు పట్టుకురా."