నూట ఎనిమిది గళ్ల కార్డు

చిలుకూరు బాలాజీ గుడిలో ఈ ఉదయం నా ముందు నడుస్తున్న అమ్మాయి చెమటకు మెత్తబడిన తన 108 ప్రదక్షిణల లెక్క కార్డు మీద 63వ గడిని పెన్నుతో కొట్టేసింది. అమెరికాలో ఎమ్మెస్‌కు వీసా వచ్చినందుకు మొక్కు తీర్చుకుంటోందట.

"మీదీ వీసా మొక్కేనా అక్కా?" అని అడిగింది.

"కాదమ్మా, మా అమ్మ ఆపరేషన్ బాగా జరిగింది" అన్నాను.

చదువూ సంపాదనా పెరిగితే భక్తి తగ్గుతుందంటారు. సంపన్న దేశాల్లో చాలావరకు అది నిజమే, అమెరికా మాత్రం దానికి పెద్ద మినహాయింపు. మన దేశంలో 2019-20లో ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే సర్వే సంస్థ సుమారు 30,000 మందిని అడిగితే 97 శాతం మంది దేవుణ్ణి నమ్ముతామన్నారు. అంతమంది నమ్మేచోట డిగ్రీ తెచ్చే తేడా ఏపాటిది?

వానల కోసం మొక్కుకున్న మా నాయనమ్మకు అక్షరం రాదు, ఈ అమ్మాయి ఇంజనీరు. అయినా ఇద్దరూ దేవుడి ముందు పెట్టింది తమ చేతిలో లేని నిర్ణయాన్నే. హుండీ కూడా లేని ఈ గుడిలో జీతం ఎంతైనా అందరూ ఒకే రాళ్ల మీద నడవాలి, అది నాకెంతో ఇష్టం.

ఆమెకింకా 45 మిగిలాయి. నా పెన్ను రాయకపోతే తనదే ఇచ్చింది.